కన్నులిచ్చిన యింటివారు
(బైబిలు పాఠము)

పాఠ్యభాగములు: గలతీయులకు 4:13–15, మార్కు 2:1–12, 1 కొరింథీయులకు 15:35–44, రోమీయులకు 12:15



ఈ నెల పాఠమునకు తీసికొనిన సంగతి మన ప్రసంగపీఠముల నుండి అరుదుగా వినబడునది. మరణించినవారి కన్నులను, మూత్రపిండములను, గుండెను, కాలేయమును మరియొకరి ప్రాణము నిలుపుటకై ఇచ్చుట న్యాయమా? అట్లు ఇచ్చిన కుటుంబముపట్ల సంఘము ఎట్లు నడుచుకొనవలెను? ఇది పట్టణవాసుల చర్చ, నాగలి పట్టు మనకెందుకని కొందరనవచ్చును. కాని ఈ ప్రశ్న మనవంటివారి యిండ్లకే వచ్చుచున్నది. సాయంకాలము మోటారు సైకిలు మీద బయలుదేరిన కుమారుడు రహదారిమీద పడిపోవును. తలకు దెబ్బ. మండల కేంద్రము నుండి జిల్లా ఆసుపత్రికి, అచ్చటనుండి గుంటూరుకో, విజయవాడకో, హైదరాబాదుకో తీసికొనిపోవుదురు. రెండవ దినముననో మూడవ దినముననో డాక్టరుగారు తండ్రిని ప్రక్కకు పిలిచి, మీవాడు ఇక లేడు, మీరు ఒప్పుకొనినయెడల అతని అవయవములు మరికొందరిని బ్రతికించును అని చెప్పును. ఆ తండ్రి గోడకానుకొని ఫోను తీసి మొదట పిలుచునది అనేక పర్యాయములు పాస్టరునే. "అయ్యగారూ, దీనికి దేవుడు ఒప్పుకుంటాడా?" అని అడుగును. ఆ గడియలో గ్రంథములు తిరగవేయుటకు వ్యవధి యుండదు. నెమ్మదిగా ఉన్న దినములలోనే నేర్చుకొనుట మేలు.

మొదట గలతీ పత్రిక తెరువుడి. పౌలు ఆ ప్రాంతమునకు తొలిసారి వచ్చినప్పుడు జబ్బు మనిషిగా వచ్చెను. చూచినవారికి ఏవగింపు కలిగించునంతటి జబ్బని అతని మాటలనుబట్టి తోచును. అయినను వారు అతనిని త్రోసివేయక దేవదూతను చేర్చుకొన్నట్లు చేర్చుకొనిరి. ఆ ప్రేమను జ్ఞాపకము చేయుచు 4వ అధ్యాయము 15వ వచనములో అతడు ఒక వింత మాట వ్రాసెను. వీలుపడినయెడల వారు తమ కన్నులనే తీసి అతని చేతిలో పెట్టెడివారని దాని భావము. పౌలునకు కంటిజబ్బు ఉండెనని కొందరు పండితులు తలంచి, పత్రిక చివర అతడు పెద్ద అక్షరములతో వ్రాయుటను (6:11) సూచనగా చూపుదురు. మరికొందరు, అది ఆ కాలపు నానుడి మాత్రమే అందురు. ఏదైనను కానిండు. నేను చూపదలచినది "వీలుపడినయెడల" అను తలంపును. పౌలు దినములలో అది వీలుపడనిది. మనస్సు ఉండెను, మార్గము లేకుండెను.

1905 డిసెంబరులో మార్గము దొరికెను. మొరేవియా ప్రాంతములోని ఓలొమౌట్స్ పట్టణమున ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు, సున్నము పడి చూపు పోగొట్టుకొనిన ఒక కూలివాని కంటికి, గాయమువలన తీసివేయవలసి వచ్చిన ఒక బాలుని కంటినుండి పై పొరను అమర్చి చూపు తెప్పించెను. కంటి నల్లగుడ్డును కప్పియుండు అద్దమువంటి ఆ పొరనే కార్నియా అందురు. నేటికిని నేత్రదానమనగా జరుగునది అదియే. కన్ను కన్నంతయు మార్చరు, ఆ పొరనే మార్చుదురు. గలతీయులు కోరియు చేయలేకపోయిన పని నేడు మన ఊరి ముసలి అవ్వ చేయగలదు.

సెమినరీలో గ్రీకు చెప్పిన గురువులు, ఒక మాట మరెక్కడ వాడబడెనో వెదకుడని మాకు అలవాటు చేసిరి. గలతీ 4:15లో కన్నులను తీయుటను గూర్చి చెప్పిన క్రియ క్రొత్త నిబంధనలో మరియొక్క చోట మాత్రమే కనబడును. అది మార్కు 2:4. నలుగురు మనుష్యులు పక్షవాయువుగలవానిని మోసికొనివచ్చి, గుంపువలన దారిలేక, ఇంటి కప్పును త్రవ్విన చోటు. త్రవ్వి తీయుట అని ఆ మాటకు అర్థము. ఆ యింటి కప్పు సంగతికి తరువాత వత్తును. ముందు మన ప్రజల భయములు తీరవలెను.

మొదటి భయము పునరుత్థానమును గూర్చినది. "కళ్లు తీసేసి పాతిపెడితే ఆ దినాన గుడ్డిదాన్నై లేస్తానా అయ్యగారూ?" అని ఒక వృద్ధురాలు నన్నడిగెను. అది నవ్వదగిన ప్రశ్న కాదు. ఆమె పునరుత్థానమును నిజముగా నమ్ముచున్నది గనుకనే అడిగెను. నమ్మనివారికి ఆ భయమే రాదు. చదువుకొనిన మనలో అనేకులకంటె ఆమె విశ్వాసము గట్టిది.

పౌలు అటువంటి ప్రశ్నకే కొరింథువారికి జవాబు వ్రాసెను. విత్తువాడు రాబోవు పైరును నేలలో వేయడు, గింజనే వేయును. దానికి ఎట్టి శరీరమియ్యవలెనో దేవుని చిత్తము. రైతులకు దీనిని వివరింపనక్కరలేదు. తొలకరికి చల్లిన గింజ మట్టిలో రూపుమాసిపోవును. కోతనాడు, ఆ పాత గింజ ఏదీ అని పొలములో వెదకువాడు లేడు.

సంఘచరిత్రలోను దీనికి సాక్ష్యమున్నది. క్రీ.శ. 177లో గాల్ దేశమందలి లియాన్ పట్టణమున క్రైస్తవులను చంపినవారు, వారి శవములను ఆరు దినములు బయట పడవేసి, పిమ్మట కాల్చి, బూడిదను రోన్ నదిలోనికి ఊడ్చివేసిరని చరిత్రకారుడైన యూసేబియస్ భద్రపరచిన ఒక లేఖలో నున్నది. వీరికి లేచెదమను నిరీక్షణ లేకుండ చేయవలెనని ఆ శత్రువుల ఉద్దేశము. పాతిపెట్టలేకపోతిమని సహోదరులు మిక్కిలి దుఃఖించిరి గాని, ఆ హతసాక్షులు లేవరని సంఘము ఎన్నడును బోధింపలేదు. అంత దూరము పోనేల? 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన దివిసీమ ఉప్పెనలో ఎందరి దేహములు దొరకనేలేదు! సముద్రము తీసికొనిపోయిన మన వారిని ప్రభువు మరచిపోవునని ఆ తీరప్రాంతపు సంఘములలో ఎవరైన చెప్పుదురా? ఉప్పునీటిలో కలిసినవారిని లేపువానికి, రెండు పొరలు తక్కువైన దేహమును లేపుట కష్టము కాదు.

ఒక యౌవనుడు దీనికి ఎదురు ప్రశ్న వేసెను. ప్రభువు గాయపు గుర్తులతోనే లేచెను గదా, అట్లయిన మన దేహమున తీసిన చోటు అట్లే యుండునేమో అనెను. మంచి ప్రశ్న. యోహాను 20వ అధ్యాయము చూడుడి. ఆ గుర్తులు ఆయన దేహములో లోపములుగా లేవు. వాటిని చూచియే తోమా తన ప్రభువును గుర్తించెను. ప్రేమవలన కలిగిన గుర్తు మహిమ శరీరమున నిలిచినను సిగ్గుపడవలసినది కాదు. ఇంతకుమించి చెప్పుటకు వాక్యము నాకు సెలవియ్యదు.

అయితే దేహము పారవేయదగినదని నేను చెప్పుటలేదు. రిస్పా అను తల్లి తన కుమారుల శవములయొద్ద గోనె పరచుకొని, పగలు పక్షులను రాత్రి మృగములను దగ్గరకు రానియ్యలేదు (2 సమూయేలు 21:10). అరిమతయియ యోసేపు ప్రభువు దేహమును సన్నపు నారబట్టతో చుట్టెను. క్రైస్తవులు మొదటినుండి శవమును గౌరవించినవారు. గనుక ఇచ్చుటయు గౌరవముతోనే జరుగవలెను. ఆపరేషను చేసిన వైద్యులు దేహమును మరల కుట్టి, శుభ్రముచేసి, బట్టలు తొడిగి అప్పగింపవలెను. మంచి ఆసుపత్రులలో అట్లే చేయుచున్నారు. పెట్టె తెరచియుంచి ముఖము చూపించుటకు ఏ ఆటంకమును లేదు. రోడ్డు ప్రమాదమున పోయినవారికి చట్టప్రకారము పోస్టుమార్టము ఎటులైనను జరుగును. కోత అను మాటకే బెదరువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఇక వైద్యుల మాట. మరణము రెండు విధములుగా మన యెదుటికి వచ్చును. ఒకటి మనకు తెలిసినదే. ఇంటిలో మంచముమీద శ్వాస నిలిచి గుండె ఆగును. అట్టివారి కన్నులను ఇయ్యవచ్చును గాని గుండె, మూత్రపిండములు, కాలేయము ఇచ్చుటకు వీలు పడదు. రక్తము ప్రవహించుట ఆగిన కొద్దిసేపటిలోనే అవి చెడిపోవును. మన గ్రామములలో అధికులకు కలుగు మరణమిది. కావున గ్రామస్థులు చేయగల దానము ముఖ్యముగా నేత్రదానమే.

దీనికి కావలసినది వేగము. ప్రాణము పోయిన ఆరు గంటలలోపల కన్నులు తీయవలెను. రెప్పలు మూసి వాటిమీద తడి దూది ఉంచవలెను. తల క్రింద దిండు పెట్టి కొంచెము ఎత్తుగా నుంచవలెను. పైనున్న ఫ్యాను ఆపవలెను. వెంటనే దగ్గరనున్న నేత్రనిధికి కబురు చేయవలెను. వారు వచ్చి పావుగంట, ఇరువది నిమిషములలో పని ముగింతురు. ముఖము వికారము కాదు. ఎనుబదేండ్లవారును ఇయ్యవచ్చును. కళ్లద్దములు పెట్టుకొనినవారు, చక్కెర వ్యాధిగలవారు, శుక్లము ఆపరేషను చేయించుకొనినవారు సహితము ఇయ్యవచ్చును. పిచ్చికుక్క కాటు వ్యాధితోను, ఎయిడ్స్ వ్యాధితోను, రక్తము విషమెక్కియు పోయినవారి కన్నులు తీసికొనరు. ఒకరి రెండు కన్నులు సాధారణముగా ఇద్దరికి అమర్చుదురు. మన వైపు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాలకు చేరిన రామాయమ్మ నేత్రనిధి 1989 నుండి ఈ పని చేయుచున్నది. ఏ ఊరివారికి ఏ నేత్రనిధి దగ్గరనో కనుగొని, ఆ ఫోను నంబరును దేవాలయపు తలుపు లోపలివైపున అంటించియుంచుట సంఘ పెద్దల పని. ఎవరైన పోయిన తరువాత నంబరు వెదకుట మొదలుపెట్టిన, ఆరు గంటలు వెదకుటకే చాలవు.

రెండవది మెదడు మరణము. తల పగిలియో, మెదడులో నరము చిట్లియో మెదడంతయు చచ్చిపోవును. శ్వాస పీల్చుమని ఆజ్ఞ ఇచ్చునది మెదడే గనుక ఆ మనిషి తనంతట ఊపిరి తీయలేడు. వెంటిలేటరు అను యంత్రము గాలి నింపుచుండుటచేత గుండె కొంతకాలము కొట్టుకొనుచుండును, దేహము వెచ్చగా నుండును. మనవారికి మింగుడుపడని సంగతి ఇదియే. "ఒళ్లు వెచ్చగా ఉంది, రొమ్ము లేస్తూ ఉంది, చచ్చిపోయాడంటారేంటి?" అని తల్లి అడుగును. ఆమె మాట సహజమైనది. కోమాకును దీనికిని గల తేడా ఆమెకు ఓర్పుతో చెప్పవలెను. కోమాలోనున్నవాని మెదడు బ్రతికియున్నది, అతడు మరల లేచుటయు కలదు. మెదడు మరణము నొందినవారు ఎన్నడును తిరిగి రారు. దీనిని ఒక్క డాక్టరు తన యిష్టప్రకారము తేల్చుటకు చట్టము ఒప్పుకొనదు. నలుగురు వైద్యులు పరీక్షింపవలెను. అవయవము అమర్చు వైద్యుడు ఆ నలుగురిలో ఉండరాదు. ఆరు గంటలకు తక్కువగాని వ్యవధితో రెండుమార్లు పరీక్ష జరుగవలెను. కంటిపాపకు వెలుగు తగిలిన కదలునా, యంత్రము తీసి చూచిన ఊపిరి కదలునా, ఇట్టివి చూతురు. కుటుంబమువారు వివరము అడుగుటకు సంకోచింపనక్కరలేదు. అడుగుట అవిశ్వాసము కాదు.

ఇది నిన్నమొన్నటి సాహసము కాదు. 1954 డిసెంబరులో బోస్టను పట్టణమున జోసెఫ్ మర్రే అను వైద్యుడు కవలలైన సోదరులలో ఒకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి నిలిపెను. మన దేశములో మూత్రపిండ మార్పిడి మొదట సఫలమైనది 1971లో, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో. ఐడా స్కడ్డరమ్మగారు 1900లో ఒక్క మంచముతో ఆరంభించిన మిషను వైద్యశాలయే అది. 1994 ఆగస్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్యసంస్థలో మన దేశమున మొదట సఫలమైన గుండె మార్పిడి జరిగెను. చేసినవారు రాజమండ్రిలో పుట్టిన డాక్టరు పి. వేణుగోపాల్ గారు. ఆ గుండె పొందినవాడు పదేండ్లకు పైగా బ్రతికెను. ఆ సంవత్సరమే పార్లమెంటు అవయవ మార్పిడి చట్టమును చేసెను. మన తెలుగుదేశమున జీవన్‌దాన్ అను ప్రభుత్వ పథకము 2013లో మొదలైనది. వేచియున్న రోగుల పేర్లు వరుసక్రమమున వ్రాసియుంచి, దొరికిన అవయవమును ఆ క్రమము చొప్పున ఇచ్చుట దాని పని. దేశమంతటిలో మరణానంతరము అవయవములిచ్చినవారి సంఖ్య ఒక సంవత్సరములో వేయి దాటుట 2023లోనే మొదటిసారి. ఇంత జనములో అది ఎంత కొద్దియో చూడుడి.

ఇక్కడ ఒక మాట ప్రక్కగా చెప్పెదను. బ్రతికియుండగనే ఒక మూత్రపిండమునో కాలేయములో కొంత భాగమునో ఇచ్చువారు మన దేశములో అధికముగా స్త్రీలు, పుచ్చుకొనువారు అధికముగా పురుషులు. భర్తకు భార్య ఇచ్చును, కుమారునికి తల్లి ఇచ్చును. భార్యకు భర్త ఇచ్చుట చాల అరుదు. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయమున తన్ను తాను అప్పగించుకొనుమని భర్తకే గదా చెప్పబడినది. పురుషుల సమాజమువారు దీనిని ఒక ఆదివారము చదువుకొందురు గాక.

అవయవదానము చేయుట దేవుని ఆజ్ఞయా? కాదు. ఇది కానుక. సణుగుకొనుచు గాని, ఒకరి ఒత్తిడికి లోబడి గాని ఇచ్చునది కానుక కాదని 2 కొరింథీ 9:7 మనకు నేర్పును. కాబట్టి ఆసుపత్రి వరండాలో పాస్టరు చేయగూడని పనులు రెండున్నవి. తల్లి వలదన్నప్పుడు, దేవుని పేరు చెప్పి ఆమెను ఒప్పింపరాదు. తలిదండ్రులు ఇత్తుమన్నప్పుడు, మనకెందుకీ గొడవ అని అడ్డుపడరాదు. ప్రార్థన చేసి, తెలిసినది చెప్పి, వారి ప్రక్కన కూర్చుండవలెను. ఇయ్యనివారు పాపము చేసినవారు కారు. బిడ్డ ఛాతీమీద చెయ్యివేసి, వీనిని ముట్టవద్దని ఏడ్చిన తల్లి రిస్పా వంటిదే. ఆమెను తరువాత ఎవరును సంఘములో సూటిపోటి మాటలనరాదు.

ఇప్పుడు మార్కు 2వ అధ్యాయమునకు వత్తము. పక్షవాయువుగలవాడు లేచి పరుపెత్తుకొని నడచిపోయెను. చూచిన జనులు విభ్రాంతినొంది దేవుని మహిమపరచిరి. ఈ భాగమును మనము అనేకమార్లు విన్నాము. ఆ నలుగురి విశ్వాసమును మెచ్చుకొన్నాము. కాని కప్పు త్రవ్వబడిన ఆ యింటి సంగతి ఎవరును అడుగరు. గుంపు వెళ్లిపోయిన తరువాత ఆ యింటివారు తలయెత్తి చూచిన ఆకాశము కనబడియుండును. వానకాలము వచ్చులోపల ఎవరో ఒకరు మట్టి కలిపి, కొమ్మలు పరచి దానిని మూయవలసియుండెను గదా. మార్కు ఆ సంగతి వ్రాయలేదు, అది అతని ఉద్దేశము కాదు. అవయవములిచ్చిన కుటుంబము ఆ యింటివంటిది. ఎవడో మరియొకడు లేచి నడచిపోయెను. అందరు సంతోషించిరి. వీరి యింటి కప్పులో మాత్రము రంధ్రమున్నది.

మా పాస్టరేటులో కొన్ని సంవత్సరముల క్రిందట జరిగినది చెప్పెదను. పేర్లు అక్కరలేదు. ట్రాక్టరు నడుపుకొను ఒక యౌవనస్థుడు తలకు దెబ్బతగిలి మెదడు మరణము నొందెను. తలిదండ్రులు రాత్రంతయు ఆలోచించి, తెల్లవారుజామున సమ్మతించి సంతకము చేసిరి. భూస్థాపన దినమున ఎన్నడును రానివారందరు వచ్చిరి. శాలువాలు కప్పిరి. పత్రికలో ఫోటో పడెను. పది దినములైన పిమ్మట వచ్చువారు లేరు. అంతటితో పోయిన బాగుండెడిది. ఆ నెలలో ఆ తల్లి డ్వాక్రా అప్పుతో ఒక గేదెను కొనెను. ఇక చూడుడి, కిడ్నీకి ఇంత, గుండెకు అంత అని ఊరిలో లెక్కలు మొదలాయెను. ఆ లెక్కలు వేసినవారిలో మన దేవాలయమున పాటలు పాడువారును ఉండిరి. ఆమె ఆరాధనకు వచ్చుట మానెను. నేను వెళ్లగా ఆమె చెప్పినది: "నా బిడ్డని నేనే అమ్ముకున్నానంటున్నారయ్యగారూ. ప్రభువు బల్ల దగ్గరికి ఏ మొహం పెట్టుకుని రాను?"

సహోదరులారా, యాకోబు పత్రిక 3వ అధ్యాయము ఇటువంటి నాలుకనుగూర్చియే. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి ఇది రెండవ భూస్థాపన. సంఘ పెద్దలు కూడి, ఆ తండ్రి అనుమతితో ఆసుపత్రి కాగితములను, డ్వాక్రా పుస్తకమును చూచిరి. తరువాత ఆదివారము నేను ఆరాధనలో చదివి వినిపించినది క్లుప్తముగా ఇది. అవయవములు అమ్ముటయు కొనుటయు చట్టప్రకారము జైలుశిక్షకు తగిన నేరము. ఇచ్చిన కుటుంబమునకు దానికి ధరగా ఒక్క రూపాయియు ముట్టదు. ఒప్పుకొనిన తరువాత అవయవములను కాపాడుటకును తీయుటకును అగు ఖర్చు కుటుంబముమీద వేయరాదు. ఈ యింటివారు పుచ్చుకొనినది ఏమియు లేదు, ఇచ్చినది మాత్రమే కలదు. స్త్రీల సమాజమువారు ఆ తరువాత ప్రతి గురువారము ఆమె యింటికి వెళ్లిరి. ప్రసంగములు చేయలేదు. ఆమెతో కూర్చుండి వేరుసెనగకాయలు ఒలిచిరి. చీకటిపడువేళ ఒక కీర్తన చదివి ప్రార్థించి వచ్చిరి. యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు చేసిన మంచిపని ఇదియే గదా, నోరు విప్పకుండ అతనితో నేలమీద కూర్చుండిరి (యోబు 2:13). వారి తప్పులన్నియు ఎనిమిదవ దినమున మాటలతోనే మొదలైనవి. మూడు నెలలకు ఆమె వచ్చి తన చోట కూర్చుండెను.

ఆ యింటివారితో ఏమి మాటలాడవలెను? "నీ కొడుకు చావలేదమ్మా, ఇంకొకరిలో బతికే ఉన్నాడు" అని అనేకులందురు. మంచి మనస్సుతోనే అందురు. నేను మాత్రము ఆ మాటను వాడను. గుండె ఆ బిడ్డ కాదు, కన్ను ఆ బిడ్డ కాదు. బిడ్డ ప్రభువునొద్ద ఉన్నాడు. పైగా, అమర్చిన అవయవము కొన్నిమార్లు నిలువదు. పుచ్చుకొనిన రోగి కొంతకాలమునకు చనిపోవుటయు కలదు. ఆ వార్త వినిన తల్లికి కొడుకు రెండవసారి పోయినట్లగును. ఆమె ఆదరణను మరియొకని ఆరోగ్యముమీద కట్టరాదు. ఆమె ఇచ్చిన కానుక ఫలించినను ఫలింపకున్నను కానుకయే. పుచ్చుకొనినవారి పేరు వీరికిని, వీరి పేరు వారికిని తెలియనీయరు. మరియొక విధముగా బేరములకును బెదిరింపులకును దారితీయునని ఆ కట్టుబాటు. కృతజ్ఞత చెప్పుటకు ఎవరును రానప్పుడు, వారు కృతఘ్నులని కుటుంబము నొచ్చుకొనకుండ ఈ సంగతి ముందే చెప్పవలెను. చెప్పవలసిన కృతజ్ఞత సంఘము చెప్పును.

ఇటువంటి కుటుంబము చేసిన పని ఎంతదూరము పోవునో చూపుటకు ఒక్క సంగతి. 1994 సెప్టెంబరులో అమెరికా దేశపు కుటుంబమొకటి ఇటలీ దేశమున కారులో పోవుచుండగా దొంగలు కాల్పులు జరిపిరి. నికొలస్ గ్రీన్ అను ఏడేండ్ల బాలునికి తలలో గుండు తగిలి మెదడు మరణము కలిగెను. తలిదండ్రులైన రెజ్, మ్యాగీ గ్రీనులు అతని అవయవములను కన్నులను ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఏడుగురు ఇటలీ దేశస్థులు వాటిని పొందిరి. తమ బిడ్డ ఏ నేలమీద కాల్చబడెనో ఆ నేలవారికే ఇచ్చిరి. తరువాతి పదేండ్లలో ఇటలీలో అవయవదానములు మూడింతలాయెను. చట్టమో ప్రచారమో చేయలేని పనిని పుత్రశోకములోనున్న ఇద్దరు చేసిరి. మన దేశములోను ప్రభుత్వములు ఇప్పుడిప్పుడు దీనిని గుర్తించుచున్నవి. తమిళనాడు ప్రభుత్వము 2023లో అవయవములిచ్చినవారి అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనములతో జరుగునని ప్రకటించెను. మంచిదే. కాని కలెక్టరుగారు వచ్చుట ఒక్క దినము. సంవత్సరములో మిగిలిన దినములన్నియు ఊరిలోనున్న సంఘమువే.

ఆ దినములలో చేయవలసినవి పెద్ద పనులు కావు. ఆసుపత్రిలో ఉన్నంతసేపు ఒకరు వారితో ఉండవలెను. పోలీసు కాగితములకు, పోస్టుమార్టమునకు చాల గంటలు పట్టును, అన్నము నీళ్లు చూచువారుండరు. ఆ కుటుంబము అంతకుముందే వైద్యమునకు అప్పుపడియుండును. పెట్టెకును వాహనమునకును సహాయనిధినుండి ఇచ్చుటకు పెద్దలు ముందే తీర్మానము చేసియుంచవలెను. మరణించినవాని తమ్ముడు, చెల్లెలు మరువబడుదురు, సండేస్కూలు ఉపాధ్యాయులు వారిని కనిపెట్టవలెను. మొదటి క్రిస్మసు చాల కష్టముగా నుండును. ఆ యింట నక్షత్రము కట్టుటకు ఎవరికి చేతులు రావు. యౌవనస్థులు వెళ్లి, అడిగి, వారు సరేయనినయెడల కట్టి రావలెను. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన చేయునప్పుడు ఆ సమాధియొద్దను ఆగవలెను.

నేత్రదాన ప్రతిజ్ఞాపత్రములు కావలెనని కొందరు అడిగియున్నారు. నాయొద్ద ఉన్నవి, ఆరాధన తరువాత ఇచ్చెదను. అయితే ఒక్క నియమము. మీరు సంతకము చేసినను, ఆ గడియలో మీ యింటివారు ఒప్పుకొనినగాని వైద్యులు కన్నులు తీయరు. అనేకుల ప్రతిజ్ఞలు పెట్టెలోనే ఉండిపోవుటకు కారణము, ఇంటివారికి ఆ మాట తెలియకపోవుటయే. కాబట్టి భర్త భార్యతో, తలిదండ్రులు పెద్దపిల్లలతో మాటలాడుకొని కలిసి రావలెను. ఒంటరిగా వచ్చినవారిని ఇంటికి పంపి, ఇంటివారిని వెంటబెట్టుకొని రమ్మని చెప్పెదను.